శస్త్రచికిత్స: లాభనష్టముల లెక్క

ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల ప్రాయముగల స్త్రీలలో నూటికి సుమారు 9 మందికి, తెలంగాణమున సుమారు 8 మందికి గర్భాశయము తొలగింపబడి యున్నదని 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే వెల్లడించినది. దేశము మొత్తముమీద ఈ సంఖ్య నూటికి 3 మాత్రమే. పొరుగు రాష్ట్రములలో దేనియందును ఇది యింత లేదు. తెలుగు స్త్రీల దేహములు వేఱొక ధాతువుతో నిర్మింపబడినవి కావు. గోదావరి నీటిలోనో పాలమూరు మట్టిలోనో గర్భాశయమును చెఱచు విషమున్నదని యే వైద్యుడును చెప్పలేదు. అట్లైనచో శస్త్రము మాత్రము ఇచ్చట మూడింతలుగ నేల యాడుచున్నది? ఇది వైద్యులు తేల్చుకొనవలసిన ప్రశ్న యని మనము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. ఆస్పత్రికి తీసికొనిపోవువారము మనము. కాగితముపై సంతకము చేయువారము మనము. సొమ్ము చెల్లించువారము మనము. కత్తికి లోనగువారు మాత్రము మన యాడువారు.

శస్త్రవిద్యను నిందించుట మా యుద్దేశము కాదు. ఆ విద్య మానవులకు చేసిన మేలు ఎన్నదగినది కాదు. కంటి శుక్లమునే చూడుడు. శుక్లమును సూదితో ప్రక్కకు త్రోయు పద్ధతిని సుశ్రుతుడే వర్ణించియుండెను. ఆ చికిత్సవలన వెలుగు కొంత వచ్చెడిదిగాని చూపు సరిగా నిలిచెడిది కాదు. 1949 నవంబరు 29వ తేదీన లండనులో హెరాల్డు రిడ్లే యను వైద్యుడు మొట్టమొదటిసారి కంటిలోపల కృత్రిమకాచము నమర్చెను. మధుర అరవింద సంస్థవారు 1992లో ఆ కాచములను ఇచ్చటనే తయారుచేయ నారంభించి, విదేశపు ధరలో పదవవంతునకు తెచ్చిరి. నేడు అరగంటలోపల ముగియు ఈ శస్త్రచికిత్సతో, కఱ్ఱ పట్టుకొని మనుమనివెంట నడచు వృద్ధుడు మఱుసటి వారమే గట్టుమీద నిలిచి తన చేనిని తానే చూచుకొనుచున్నాడు. ఖర్చు స్వల్పము, అపాయము స్వల్పము, లాభము జీవితాంతము. ఇట్టి బేరము మఱియొకటి వైద్యశాస్త్రమున అరుదు. మెలిపడిన ఆంత్రవృద్ధి, చీముపట్టిన ఉండుకము, అడ్డముతిరిగిన కాన్పు – వీనియందు గంట యాలస్యమైనను ప్రాణమునకే మోసము. ప్రపంచమున 500 కోట్లమందికి సురక్షితమైన శస్త్రచికిత్స అందుబాటులో లేదని 2015లో లాన్సెట్టు పత్రిక నియమించిన సంఘము లెక్కకట్టినది. కావున మన దేశమున శస్త్రము ఒకచోట లేక జనులు చచ్చుచున్నారు; మఱియొకచోట అక్కఱలేని శస్త్రమువలన చెడుచున్నారు. రెండును ఒక్క జిల్లాలోనే జరుగవచ్చును.

ఈ విషయమున మన ప్రాచీనులకు గల వివేకము స్మరింపదగినది. సుశ్రుతసంహితలో అశ్మరి, అనగా మూత్రాశయమునందలి ఱాయి, తీయు ప్రకరణమున ఒక విచారము కలదు. శస్త్రము చేయనిచో మరణము నిశ్చయము, చేసినచో ఫలము సంశయము, కావున అధికారి యనుమతి పొందియే చేయవలెనని దాని సారము. ఇందు రెండు పద్దులును ఉన్నవి – చేయనిచో ఏమగును, చేసినచో ఏమగును. నేటి ఆస్పత్రి గదులలో మొదటి పద్దును అడుగువాడే కనబడడు. డాక్టరు "ఆపరేషను చేయవలె" నన్నంతనే మన నోట వచ్చు ప్రశ్న "ఎంత అగును?" అనునదే. ఎంత అగుననునది రెండవ పద్దులో ఒక చిన్న భాగము మాత్రమే. ఆయుర్వేదము రోగములను సాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించినది. యాప్యమనగా మూలచ్ఛేదము కాకపోయినను మందుతోను పథ్యముతోను అదుపున ఉంచదగినది. స్త్రీలను బాధించు ముట్టు సంబంధమైన రోగములలో పెక్కులు ఈ నడిమి తరగతికి చెందినవే. మనము ఆ తరగతినే మఱచితిమి.

గర్భాశయమును తీయవలసిన సందర్భములు లేకపోలేదు. గర్భాశయమునందుగాని దాని ముఖమునందుగాని కాన్సరు పుట్టినప్పుడు, కాన్పు తరువాత రక్తస్రావము దేనికిని నిలువనప్పుడు, అది ప్రాణరక్షణమే. పెద్ద గడ్డలవలన నెలనెల కుండలకొలది రక్తము పోయి, ముఖము సున్నమువలె తెల్లబడి, నాలుగు మెట్లెక్కిన ఆయాసపడు స్త్రీకి, మందులు వాడి చూచియు గుణము లేనప్పుడు ఆ శస్త్రచికిత్స నిజముగా విముక్తియే. అట్టి యామెను "ఇంకను ఓర్చుకొను" మని చెప్పుట క్రూరత్వము. కాని నూటికి తొమ్మిదిమందికి ఇట్టి స్థితి కలిగినదా? 2015-16 నాటి సర్వేలో దేశమంతట గర్భాశయము తీయించుకొన్న స్త్రీల మధ్యస్థ వయస్సు 34 ఏండ్లు. అనగా వారిలో సగముమంది ఆ ఈడు దాటకమునుపే శస్త్రమునకు లోనైరి. సగమునకు మించి చెప్పిన కారణము అధికరక్తస్రావము, నొప్పి. మూడింట రెండువంతుల శస్త్రచికిత్సలు ప్రైవేటు ఆస్పత్రులలో జరిగినవి.

అధికరక్తస్రావమునకు మందులేదా? ఉన్నది. ముట్టుదినములలో మాత్రము మ్రింగదగిన ట్రానెగ్జామిక్ ఆమ్లపు మాత్రలు కలవు. గర్భాశయమున నమర్చిన కొన్ని సంవత్సరములు పనిచేయు హార్మోను సాధనము కలదు. అది రక్తస్రావమును మిక్కిలి తగ్గించును, అక్కఱ తీఱినప్పుడు తీసివేయవచ్చును. కణితి నొక్కదానినే తీసి గర్భాశయమును నిలుపు శస్త్రచికిత్సయు కలదు. తెల్లబట్టకు కారణము తఱచుగా సూక్ష్మక్రిముల సంపర్కము. అది కొన్ని దినముల మాత్రలతో పోవునది. జారిన గర్భాశయమును నిలుపుటకు రబ్బరు వలయములు కలవు. అయినను పల్లెనుండి వచ్చిన స్త్రీకి చెప్పబడు మాట వేఱు. "గర్భసంచికి పుండు పడినది, తీయించనిచో కాన్సరుగా మాఱును" అనునదే ఆ మాట. ఈ యొక్క వాక్యము మన పల్లెలలో ఎన్ని యెకరములను అమ్మించినదో లెక్కకు రాదు. గర్భాశయముఖమున ఎఱ్ఱగా కనబడునదెల్ల కాన్సరు కాదు, కాన్సరునకు పూర్వరూపమును కాదు. సందేహమున్నచో పరీక్షలు కలవు. పరీక్షయే చేయక కాన్సరు పేర భయపెట్టుట వైద్యము కాదు.

ఇక నష్టపు పద్దు. శస్త్రచికిత్స సమయమున రక్తము పోవుట, చీము పట్టుట, మూత్రకోశమునకో మూత్రనాళమునకో గాయమగుట – ఇవి అరుదైనను ఉన్నవి. అంతకంటె ఘోరమైనది తరువాత వచ్చును. గర్భాశయముతోపాటు అండాశయములనుగూడ తీసివేసినచో, ముప్పదియైదేండ్ల యువతి ఆ దినముననే ముట్లుడిగిన స్త్రీ యగును. భారతస్త్రీలకు సహజముగ ముట్లుడుగు ప్రాయము సగటున నలుబదియైదు దాటిన పిమ్మట. ఆ పదేండ్ల హార్మోనుల రక్షణము ఒక్క గంటలో పోవును. ఎముకలు గుల్లబాఱుట, గుండెజబ్బు తొందరగా వచ్చుట, ఒడలు మంటలు, నిద్రలేమి – వీనికి తరువాత జీవితాంతము మందులు. అండాశయములను నిలిపినను కొందఱిలో అవి ముందుగనే ఉడుగుచున్నవి. "పిల్లలు పుట్టిన తరువాత ఆ సంచితో పనియేమి?" అని మగవారు తేలికగా పలుకుదురు. ఆ పని యేమో ఆమె నడుము చెప్పును, మోకాలు చెప్పును, వినువారు ఉండవలెను.

ఇచట మఱియొక మాట చెప్పకున్న న్యాయము కాదు. స్త్రీలే కోరి తీయించుకొనుచున్నారని వైద్యులందురు. అది అబద్ధము కాదు. మహారాష్ట్రములోని బీడు జిల్లాలో చెఱకు నఱకు కూలిస్త్రీలగుఱించి 2019లో జరిగిన విచారణలో 82,000 మందికి పైగా స్త్రీలను అడుగగా, 13,000 మందికి పైగా గర్భాశయము తీయించుకొన్నవారుగ తేలిరి. ఒక్క దినము పనికి రాకున్నచో కూలిపోవుటయేగాక జరిమానా చెల్లించవలసిన బ్రతుకు వారిది. మరుగు లేని గుడిసెలలో, నీరు లేని పొలములలో, నెలకు మూడు దినములు విశ్రాంతి యెక్కడ? ముట్టు నాపినచో పని నిలువదు. ఈ కోరికను స్వేచ్ఛ యనవచ్చునా? మన వరిచేలలో నాటువేయు స్త్రీలకును, మిరపతోటలలో కాయకోయు స్త్రీలకును ఆ విశ్రాంతి మనము ఇచ్చుచున్నామా యని భూస్వాములు తమ్ము తామే ప్రశ్నించుకొనవలెను. ముట్టుదినములలో ఇంటనుండి వెలిగా ఉంచు ఆచారము కొన్నిచోట్ల ఇంకను సాగుచునే యున్నది. అందుచేతనే ఆ ముట్టును శత్రువుగా భావించిన స్త్రీకి కత్తి మిత్రముగా కనబడుచున్నది.

సొమ్ము సంగతి చెప్పుదము. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ననుసరించి, కాన్పులు మినహా, ఒకమాఱు ఆస్పత్రిలో చేఱినందుకు సగటు ఖర్చు ప్రభుత్వ ఆస్పత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటు ఆస్పత్రిలో 31,845 రూపాయలు. బిల్లులో చేఱని ఖర్చులు వేఱు: వెంటనుండువారి భోజనము, బండి కిరాయి, పోయిన కూలి, అదనులో చేయక చెడిన పైరు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 50,000 రూపాయలు తెచ్చినవాడు మూడేండ్లలో వడ్డీయే 36,000 కట్టును. అసలు అట్లే యుండును. ఈ లెక్క పొలము కొనునప్పుడు మనకు నోటికి వచ్చును. సరిహద్దులు చూతుము, దస్తావేజులు చదివింతుము, పదిమందిని విచారింతుము. ఎద్దును కొన్నను పండ్లు పట్టి చూతుము. ఇల్లాలి శరీరమునుగుఱించి మాత్రము ఒక్కని మాటమీద ఒక్కపూటలో నిశ్చయింతుము.

ఆ యొక్కని మాట యెంత నిలుకడగలదో తెలుపు ఒక పాతకథ కలదు. 1934లో న్యూయార్కు నగరమున పదునొకండేండ్ల పిల్లలను వెయ్యిమందిని పరీక్షింపగా, 611 మందికి గొంతులోని గవదలు అంతకుముందే తీసివేయబడి యున్నవి. మిగిలిన 389 మందిని పాఠశాల వైద్యులు చూచి, 174 మందికి తీయవలెననిరి. అక్కఱలేదన్న 215 మందిని వేఱు వైద్యులు చూచి, వారిలో 99 మందికి తీయవలెననిరి. ఇంకను మిగిలిన 116 మందిని మూడవసారి చూపగా, మఱల దాదాపు సగముమందికి శస్త్రమే శరణ్యమనిరి. చివరకు కత్తి తప్పినవారు వెయ్యిమందిలో 65 మంది. వైద్యుల కన్నులు గొంతును చూచుటలేదు. "సగముమందికి తీయవలె" నను అలవాటునే చూచుచున్నవి. ఇందు మోసము లేదు, దురాశయు లేకపోవచ్చును. అలవాటునకు ఆ రెండింటి సాయము అక్కఱలేదు.

శస్త్రచికిత్స తరువాత రోగికి నెమ్మది కలిగినచో అది శస్త్రమువలననే యని తలచుటయు ప్రమాదమే. 2002లో అమెరికాలోని హ్యూస్టనునందు మోకాలి కీళ్లు అఱిగిన 180 మందిపై జరిగిన పరీక్షను వైద్యులు నేటికిని చెప్పుకొందురు. కొందఱికి దుర్బిణి గొట్టముతో కీలును కడిగి గీకిరి. కొందఱికి చర్మముపై గాట్లుపెట్టి కుట్టి పంపిరి, అంతే. రెండేండ్లవఱకు ఎవరికేమి చేసిరో రోగులకు తెలియదు. నొప్పి తగ్గుటలో రెండు తెగలకును భేదమే లేకపోయెను! అంతకుముందు ఆ శస్త్రచికిత్సలు లక్షలకొలది జరిగినవి. అందఱును "మేలు కలిగిన" దనియే చెప్పిరి. గుండెకు స్టెంటు వేయుటయందును వివేకము వలయును. గుండెపోటు వచ్చిన గడియలో అది ప్రాణదాత. నడచినప్పుడు మాత్రము నొప్పి వచ్చు స్థిరరోగులలో, మందులతో పోల్చినచో అది ఆయుర్దాయమును పెంచలేదని 5,000 మందికి పైగా రోగులపై జరిగి 2019లో వెలువడిన పరిశోధన తేల్చినది. 2017లో ప్రభుత్వము స్టెంటు ధరకు కట్టడి చేసినది, మంచిదే. ధర తగ్గినను అక్కఱలేని వస్తువు అక్కఱలేనిదే.

కాన్పులసంగతి ఒక్కమాటలో చెప్పి విడిచెదము. 2019-21 నాటి సర్వేలో తెలంగాణమున నూటికి 60 కాన్పులు కడుపుకోసి జరిగినవే. ప్రైవేటు ఆస్పత్రులలో నూటికి 80 దాటినది. ఆంధ్రప్రదేశమున 42. దేశమున 21. పంచాంగము చూచి, నక్షత్రము కుదిరిన గడియకు బిడ్డను కోసి తీయించుచున్న ఘనత మన కుటుంబములదే. దీనికి డాక్టరును మాత్రము తిట్టి ప్రయోజనము లేదు.

అయినను వైద్యవ్యాపారము నిర్దోషి కాదు. సావధానముగ అరగంట మాటలాడి మాత్రలు వ్రాసియిచ్చిన వైద్యునికి వచ్చునది కొన్ని వందలు. కోసిన వైద్యునికి వచ్చునది వేలు. బీమా పథకములు చికిత్స కింత యని ప్యాకేజీలు కట్టియిచ్చుట పేదలకు మహోపకారమే. 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైన పిమ్మట ప్రాణములు దక్కినవారెందఱో కలరు. కాని సొమ్ము కోతకే యెక్కువగ దొరకునప్పుడు కోతలే పెరుగుట వింత కాదు. పల్లెలోని ఆర్.ఎం.పి. రోగిని పట్నమునకు పంపి వాటా పుచ్చుకొనుట అందఱెఱిగిన రహస్యము. అందఱు నట్టివారు కారు. కత్తి యక్కఱలేదని చెప్పి ఇంటికి పంపు వైద్యులు ప్రతి పట్టణమునను ఉన్నారు. వారి గదిలో రద్దీ తక్కువగ నుండును.

న్యాయస్థానములు ఈ విషయమున మనకంటె ముందు నడచినవి. 1995లో ఢిల్లీలో ఒక స్త్రీ కేవలము పరీక్షకై మత్తు పుచ్చుకొన సమ్మతించెను. ఆమె స్పృహలేక యుండగా, బయట కూర్చున్న తల్లి యనుమతితో గర్భాశయమును అండాశయములను తీసివేసిరి. ప్రాణాపాయము లేనప్పుడు, తెలివిగల పెద్దమనిషి శరీరమునకు ఆమె సమ్మతియే సమ్మతి. తల్లి సంతకము చెల్లదని 2008లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. తల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త సంతకమునకు విలువ యెక్కడిది? బీహారు, ఛత్తీసుగఢు, రాజస్థానములలో పేదస్త్రీలకు అనవసరముగ గర్భాశయములు తొలగించిరన్న వ్యాజ్యముపై, కేంద్రము రూపొందించిన మార్గదర్శకములను మూడు నెలలలో అమలుపఱుపవలెనని 2023 ఏప్రిలులో అదే కోర్టు రాష్ట్రములన్నింటిని ఆదేశించినది. ఏ రాష్ట్రమున నూటికి తొమ్మిదో, ఆ రాష్ట్రము అందఱికంటె ముందు కదలవలెను గదా! ఏ ఆస్పత్రిలో ఏ ప్రాయపు స్త్రీలకు, ఏ కారణమున, ఎన్ని గర్భాశయములు తీసిరో జిల్లా వైద్యాధికారులు ఏటేట ప్రకటింపవలెను. వరి దిగుబడి మండలమువారీగా ప్రకటించు ప్రభుత్వమునకు ఇది చేతగాని పని కాదు.

అంతవఱకు గృహస్థులు చేయదగినది కొంత కలదు. తొందర లేని శస్త్రచికిత్స యేదైనను, ఆ ఆస్పత్రితో సంబంధము లేని మఱియొక వైద్యుని చూడకుండ ఒప్పుకొనరాదు. రెండవ అభిప్రాయము రోగి హక్కని జాతీయ మానవహక్కుల సంఘము 2018లో రచించిన పత్రమున నున్నది. కోరిన కాగితములను 72 గంటలలో ఇయ్యవలెనని 2002 నాటి వైద్యమండలి నియమములే చెప్పుచున్నవి. మూడు నెలలు మందులతో చూచినచో నష్టమేమి యని అడుగవలెను. "నష్టమున్నది" అన్నచో ఆ నష్టమేమో చెప్పించుకొనవలెను. అండాశయములను ఉంచెదరా తీసెదరా యని, కత్తికి ముందే, వ్రాతమూలకముగ అడుగవలెను. అడుగవలసినది ఆమె, ఆమె ప్రక్కన నిలిచి ఆ ప్రశ్నకు చోటు కల్పించవలసినది మనము.

తీసిన గర్భాశయమును పరీక్షాశాలకు పంపి, అందు రోగమేమున్నదో సూక్ష్మదర్శినితో చూచి నివేదిక వ్రాయుట వైద్యధర్మము. కాన్సరు భయముతో తీయించుకొన్నవారు ఎందఱు ఆ నివేదికను కన్నులార చూచిరి? ఈ సంక్రాంతికి ఇంటికి వచ్చిన యాడుబిడ్డలను, కోడండ్రను అడిగి, బీరువాలోని ఆస్పత్రి సంచి తీసి వెదకుడు. బిల్లులు దొరకును, ఎక్సురే పలకలు దొరకును, మందులచీట్లు దొరకును. ఆ నివేదిక దొరకనిచో, ఆ ఆస్పత్రికి పోయి అడుగుడు.